ప్యానెల్ గదిలో ఒక్కటే కుర్చీ

ఉద్యోగం విరమించినవాళ్ళు తమ ఘనకార్యాలు చెప్పుకుంటారు. నా దగ్గర అలాంటి సరుకు పెద్దగా లేదు. కడుపుమంట మాత్రం కావలసినంత ఉంది, అదే చెబుతాను. రొయ్యల ప్లాంటుల్లో కొత్తగా చేరే అమ్మాయిలకు మిషను ఎలా నడపాలో చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. పక్కన నిలబడ్డ మనిషి మనకంటే బాగా నడుపుతుంటే ఒళ్ళు ఎలా మండుతుందో, ఆ మంటలో మన చెయ్యి ఎలా తప్పుతుందో ఎవరూ చెప్పరు. ఆ పక్క మనిషి సొంత తోటికోడలే అయితే ఇక చెప్పేదేముంది!

మా ప్లాంటు అల్లవరం దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంది. ఆ చుట్టుపక్కల వరి చేలన్నీ రొయ్యల చెరువులయ్యాక వచ్చింది. మావాళ్ళు పడవల మీద బతికే మనుషులు. మా ఆయనా, మా మరిదీ ఒకే బోటు మీద వేటకు వెళ్ళేవారు. వేట లేని రోజుల్లో ఇల్లు గడవాలి కదా, అందుకని నేను ప్లాంటులో చేరాను. మొదట రొయ్యల తలలు తీసే బల్ల దగ్గర, ఆ తర్వాత గ్రేడింగు మిషను మీద.

గ్రేడింగు మిషను అంటే మరేం కాదు. పక్కపక్కనే తిరిగే రోలర్ల మధ్య సందు ఉంటుంది. ఆ సందు ముందు సన్నగా, పోనుపోను వెడల్పుగా ఉంటుంది. చిన్న రొయ్యలు ముందే జారి కింద పడతాయి, పెద్దవి చివరిదాకా వెళతాయి. కిలోకి ఎన్ని తూగుతాయో దాన్ని కౌంటు అంటారు. ఏ కౌంటుకు ఆ కౌంటు విడిపోవాలంటే సందు సరిగ్గా పెట్టాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా చిన్నవీ పెద్దవీ కలిసిపోతాయి. ఆ సందు పట్టు దొరకడానికి నాకు ఒక వర్షాకాలం మొత్తం పట్టింది. చిన్నప్పటి నుంచీ నాది చురుకు బుర్ర కాదు. గట్టి బుర్ర. ఒకసారి ఎక్కితే దిగదు, ఎక్కడమే ఆలస్యం.

కానీ నోరు మాత్రం నాకు బాగానే ఇచ్చాడు దేవుడు. తప్పు కనబడితే ఎవరిదైనా సరే అక్కడే, ఆ నిమిషంలోనే కడిగేసేదాన్ని. గ్లవ్సు లేకుండా బల్ల ముట్టుకుంటే అరిచేదాన్ని. ఐసు తక్కువ వేసి ట్రే పంపితే వెనక్కి పంపేదాన్ని. ఒకసారి ఏకంగా సూపర్‌వైజరు గారినే, చేతులు కడుక్కోకుండా లోపలికి వచ్చారని గుమ్మంలోనే ఆపేశాను. అందరూ నన్ను తిట్టుకునేవారు, నా లైను మీద మాత్రం ఒక్క ఫిర్యాదూ వచ్చేది కాదు. అదే నా గొప్ప. ఆ గొప్పతోనే హాయిగా బతికేస్తున్న రోజుల్లో మా మరిదికి పెళ్ళయింది.

మా తోటికోడలు ఇంటరు దాకా చదివింది. నాకంటే పదేళ్ళు పైగా చిన్నది. ఖాళీగా ఉంటోంది, ప్లాంటులో వేయించమని మా అత్తగారు పోరుపెడితే నేనే తీసుకెళ్ళి చేర్పించాను. నా కొరివితో నేనే తల గోక్కున్నాను. చేరిన వారం తిరక్కుండానే, ఒకరోజు ట్రేలోంచి గుప్పెడు రొయ్యలు చేతిలోకి తీసుకుని, ఇది నలభై కౌంటు అంది. సూపర్‌వైజరు గారు నవ్వి తూకం వేయించారు. నలభయ్యే. ఇంకో ట్రే పెట్టారు. అదీ సరిగ్గా చెప్పింది. అన్నేళ్ళు చేసినా నేను ఇప్పటికీ కాటా లేకుండా చెప్పలేను. ఆ రోజు నుంచి ఆయన, దాన్ని పిలవండమ్మా, కాటా ఎందుకు అనేవారు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నా గుండెల్లో ఎవరో ఉప్పు నూరుతున్నట్టుండేది.

ఇంట్లో మాత్రం తక్కువ తిందా? చేపల పులుసు దానికి నేర్పింది నేను. మూడో నెలకల్లా మా అత్తగారు, పులుసు చిన్నదాన్ని పెట్టనీవే అనడం మొదలుపెట్టారు. నా మొగుడు కూడా రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

పోనీ, మిడిసిపడే మనిషైతే ఓ నాలుగు మాటలనేసి మనసు చల్లార్చుకుందును. అదీ లేదు. దానికి నోట్లో నాలుక లేదు. ఎవరేమన్నా ‘ఆయ్’ అని తలవంచుకునేది. నేనేదైనా తప్పు చెబితే, నాదే తప్పైనా సరే, ‘ఆయ్ అక్కా’ అనేది. ఎదురుచెప్పని మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మంట లోపలే ఉండిపోతుంది, పొగ బయటికి పోదు.

అలా ఉండగా ప్లాంటులోకి కొత్త ఫ్రీజరు వచ్చింది. పొడవాటి సొరంగం లాంటిది. లోపల బెల్టు నడుస్తుంటుంది, పైనుంచీ కిందనుంచీ చల్లగాలి కొడుతుంటుంది. ఇటువైపు పచ్చి రొయ్య వేస్తే అటువైపు గులకరాయిలా గడ్డకట్టి వస్తుంది. దాన్ని నడిపించడానికి ఒక అద్దాల గది కట్టారు. అందులో ప్యానెల్, ప్యానెల్ ముందు కుర్చీ. ఒక్కటే కుర్చీ. నేల పొడిగా ఉండేది. ఇన్నేళ్ళూ ఐసు నీళ్ళలో గమ్‌బూట్లతో నిలబడి నిలబడి నా మోకాళ్ళు పొద్దున్నే మంచం దిగనిచ్చేవి కావు. ఆ అద్దాల గదిని చూసినప్పుడల్లా ఆ కుర్చీ నాదే అనుకునేదాన్ని. మోకాళ్ళ కోసమని అందరితో అనేదాన్ని. అసలు సంగతి, మా తోటికోడలి కంటే ఎత్తులో కూర్చోవాలని.

పగటి షిఫ్టుకు ఆపరేటర్ని ప్లాంటులోని ఆడవాళ్ళలోంచే తీసుకుంటామన్నారు. చివరికి ఇద్దరి పేర్లు మిగిలాయి. ఎవరివో చెప్పనక్కరలేదు.

ఎంపిక చేయడానికి హెచ్చార్ మేడం ఒకావిడ వచ్చింది. కుర్రది, పట్నం మనిషి, అందరినీ మీరు అనేది. కంప్యూటరు పలకలాంటిది ఒకటి మా చేతికిచ్చి పరీక్ష పెట్టింది. మొదటి భాగంలో బొమ్మలు, అంకెలు. ఈ వరుసలో తర్వాత ఏది రావాలి, ఇందాక చూసిన అంకెలు మళ్ళీ చెప్పండి, అలాంటివి. నేను చెమటలు కక్కుతూ సగంలో ఉండగానే మా తోటికోడలు పూర్తిచేసేసింది. నాకు ఇబ్బందిగా ఉంటుందని కాబోలు, ఇంకా చేస్తున్నట్టు పలక మీద వేలు ఆడిస్తోంది. అది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

రెండో భాగం మన స్వభావం గురించి. మీకు త్వరగా కోపం వస్తుందా? నలుగురిలో మాట్లాడటానికి జంకుతారా? ఇలా ఉన్నాయి ప్రశ్నలు. తోటివారు మీకంటే బాగా పనిచేస్తే మీకు ఎలా అనిపిస్తుంది అని కూడా ఒకటుంది. ‘చాలా సంతోషంగా అనిపిస్తుంది’ అన్న జవాబు మీద నొక్కాను. ఎంత గట్టిగా నొక్కానంటే, పలక పగులుతుందేమోనని మేడం కంగారుగా లేచింది.

తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి ఆవిడ విడమరిచి చెప్పింది. ఆపరేటరుకు పని పట్టుబడటం బుర్రను బట్టి ఉంటుందట. పట్టుబడిన పనిని వేళకు సరిగ్గా చేయడం మాత్రం స్వభావాన్ని బట్టి ఉంటుందట. తప్పు తెలుసుకోగల బుర్ర ఉన్నా, తప్పు అని చెప్పే ధైర్యం లేకపోతే ప్యానెల్ మీద ఆ బుర్ర ఉన్నా లేనట్టేనంది. మీ ఇద్దరిలో ఒకరికి ఒకటుంది, రెండోవారికి రెండోదుంది, కాబట్టి చెరో రోజు నడిపి చూపించండి అంది. ఎవరికి ఏది ఉందో ఆవిడ చెప్పలేదు కానీ, నాకు బుర్ర లేదని ఇంత మర్యాదగా అంతకుముందు ఎవరూ అనలేదు.

నడిపేటప్పుడు చూసుకోవలసిన అసలు సంగతి బెల్టు వేగం. చిన్న రొయ్య త్వరగా గడ్డకడుతుంది, బెల్టు జోరుగా నడవచ్చు. పెద్ద రొయ్య వస్తే బెల్టు తగ్గించాలి, లేకపోతే పైన రాయిలా ఉండి లోపల మెత్తగా ఉంటుంది. అలాంటిది పెట్టెలోకి వెళ్ళిందంటే ముద్దకట్టి సరుకంతా వెనక్కి వస్తుంది. లాటు, అంటే ఒక చెరువు సరుకు, మారినప్పుడల్లా గోడ మీది బోర్డులో కౌంటు మారుస్తారు. ప్యానెల్ మీద ఉన్న మనిషి కన్ను ఆ బోర్డు మీదే ఉండాలి. ఇంకొకరు బెల్టు చివర నిలబడి, బయటికొచ్చే రొయ్యల్లోంచి ఒకటి తీసి కోసి, లోపల థర్మామీటరు గుచ్చి చూడాలి. మెత్తగా ఉంటే వెంటనే చెయ్యెత్తి ‘బెల్టు ఫాస్టు’ అని కేకేయాలి. పద్ధతి అంతే.

దాని రోజున అది నడిపింది, నేను చివర నిలబడ్డాను. ఒక్క రొయ్య మెత్తగా వస్తే బాగుండునని ఎదురుచూశాను. రాలేదు. దొరికిన లోపం ఒక్కటే. లాటు మారినప్పుడల్లా అద్దంలోంచి నా వైపు చూసి, తగ్గించనా అక్కా అన్నట్టు సైగ చేసేది. తనకు తెలియక కాదు, పెద్దదాన్ని నేను ఉండగా తనంతట తాను చేస్తే బాగుండదని. మేడం అది గమనించి పెదవి విరిచింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

మర్నాడు నా వంతు. తుఫాను వస్తుందని పుకారు పుట్టి రైతులంతా ఒక్కసారే చెరువుల్లో రొయ్యలు పట్టేశారు. గేటు బయట వ్యాన్లు బారులు తీరాయి. మేనేజరు గారు, మేడం, సరుకు కొనే కంపెనీ మనిషి, ముగ్గురూ లైను పక్కన నిలబడ్డారు. నేను కుర్చీలో కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చిన్న రొయ్య నడుస్తోంది, బెల్టు జోరు మీద ఉంది. మా తోటికోడలు చివర నిలబడి ఉంది. ఆ కంపెనీ మనిషి దాని దగ్గరికి వెళ్ళి ఏదో అడిగాడు. అది గుప్పెడు రొయ్యలు చేతిలోకి తీసుకుని ఏదో చెప్పింది. ఆయన కళ్ళు పెద్దవి చేసి మేనేజరు గారితో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ప్యానెల్ మీద నేనుంటే అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. నావి కూడా.

కాసేపటికి అది ఒక రొయ్య కోసి థర్మామీటరు గుచ్చి, తలెత్తి నా వైపు చూసింది. వెంటనే ఇంకోటి కోసి, మళ్ళీ నా వైపు చూసింది. తర్వాత చుట్టూ చూసింది. లైను మీద ఉన్న ఆడవాళ్ళలో సగం మంది మా వీధివాళ్ళే. మా ఇళ్ళలో చిన్న కోడలు పెద్ద కోడల్ని నలుగురిలో తప్పుపట్టదు. ఇంటికెళ్ళాక పొయ్యి దగ్గర గొంతు తగ్గించి చెబితే చెబుతుంది, అదీ పెద్దదాని మొహం ప్రసన్నంగా ఉంటేనే. అది చెయ్యెత్తలేదు, కేక వేయలేదు. బయటికొచ్చిన రొయ్యలను గబగబా పక్క తొట్టిలోకి తోసేసి, బెల్టు ఆపే ఎర్ర బటన్ నొక్కేసింది.

బెల్టు ఆగింది. ఎర్రదీపం వెలిగింది. మేనేజరు గారు పరుగెత్తుకొచ్చారు. ఎందుకు ఆపావని గద్దించారు. అది తలవంచుకుని, గ్లవ్సు బెల్టులో ఇరుక్కుంటే భయమేసి నొక్కానంది. గ్లవ్సు చూస్తే గీత కూడా లేదు. కొనేవాళ్ళ ముందు పరువు తీశావని ఆయన దులిపేశారు. ఇలాంటి పిరికిదాని చేతికి ప్యానెల్ ఎలా ఇస్తామని మేడంతో అందరికీ వినబడేలా అన్నారు. అది ‘ఆయ్’ అంది.

అప్పుడు చూశాను బోర్డు వైపు. కౌంటు మారిపోయి ఉంది. ఆ రోజు లాటులన్నిట్లోకీ పెద్ద రొయ్య నడుస్తోంది. నా బెల్టు ఇంకా చిన్న రొయ్య జోరు మీదే ఉంది. సంగతంతా నాకు బోధపడింది. బెల్టు ఆగినా లోపల చల్లగాలి ఆగదు. లోపలున్న సరుకు ఉన్నచోటే ఉండి గడ్డకడుతుంది. అంటే ఒక్క బటన్ నొక్కి అది సరుకునూ కాపాడింది, నన్నూ కాపాడింది. ఆ కాస్త సేపట్లో అంతా ఆలోచించింది. నేను నోరు మూసుకుంటే చాలు, కుర్చీ నాది.

నేను ధర్మాత్మురాల్నని ఇప్పుడు మీకు చెప్పబోవడం లేదు. నాకు ఆ క్షణాన జాలీ కలగలేదు, సిగ్గూ కలగలేదు. ఒళ్ళు మండింది. ఎవరు అడిగారు దీన్ని నన్ను కాపాడమని? బుర్రలో గెలిచింది, పులుసులో గెలిచింది, ఇప్పుడు మంచితనంలో కూడా గెలుస్తుందా? ఇది పెట్టిన భిక్ష మీద నేను బతికినంత కాలం కూర్చోవాలా? అద్దాల తలుపు తోసుకుని బయటికొచ్చాను.

“గ్లవ్సూ లేదు, గాడిద గుడ్డూ లేదండీ,” అన్నాను. “బెల్టు ఫాస్టుగా వదిలేసింది నేను. దానికి తెలుసు. తెలిసే ఆపింది. నన్ను అనలేక అబద్ధమాడింది.”

మేడం తొట్టిలోని రొయ్య తీసి విరిచి చూసింది. లోపల మెత్తగా ఉంది. ఆవిడ మా తోటికోడలి వైపు తిరిగింది.

“మీకు తెలుసన్నమాట. అయితే ఆవిడ చేసిన తప్పేమిటో ఇప్పుడు ఆవిడకే చెప్పండి, ఇక్కడే. రేపు ప్యానెల్ మీద కూర్చుంటే రోజూ చేయవలసిన పని అదే. చెప్పలేకపోతే కుర్చీ ఆవిడకే ఇస్తాను. ఆవిడ కనీసం తన తప్పు తానైనా చెప్పింది.”

అది నేల చూస్తూ నిలబడింది. నా మోకాళ్ళు రెండూ నన్ను బతిమాలుతున్నాయి, ఒక్క నిమిషం ఊరుకోవే తల్లీ, అది ఎలాగూ చెప్పదు అని. నిజమే, అది చెప్పదు. చచ్చినా చెప్పదు. అది మూగదైనందుకు నాకు కుర్చీ దొరుకుతుంది. ఆ ఊహే నాకు భరించరానిదిగా తోచింది. అన్నిట్లోనూ దాని కింద ఉన్నాను, చివరికి దాని చేతగానితనం వల్ల పైకెక్కడమా!

“చెప్పవే,” అని అరిచాను. “నోరు పడిపోయిందా?”

అది తలెత్తింది. కళ్ళు తుడుచుకుని నా మొహంలోకి చూసింది.

“లాటు మారింది అక్కా. బోర్డు చూళ్ళేదు నువ్వు. నన్ను చూస్తన్నావు.”

అప్పుడు కూడా నేను దాన్నే చూస్తున్నాను.

“నేనొచ్చిన కాణ్ణించీ నన్నే చూస్తన్నావక్కా. నన్ను చూసినప్పుడల్లా నీకు తప్పొస్తది. గ్రేడింగు కాడ కూడా సందు తప్పిపోయేది. నువ్వు టీకెళ్ళినప్పుడు నేను సరిచేసేసేదాన్ని. నీ లైను మీద మాట రాకూడదని.”

తల కొట్టేసినట్టయింది నాకు. నా లైను మీద ఫిర్యాదు రాదని ఇంతకాలం విర్రవీగానే, అందులో నాది ఎంతో, దానిది ఎంతో ఇక తేలే దారి లేదు. నా ఒక్కగానొక్క గొప్పలోకి కూడా అది ఎప్పుడో వచ్చి కూర్చుంది, చప్పుడు చేయకుండా. మేడం ప్యానెల్ గది తాళం దాని చేతిలో పెట్టింది. కంపెనీ మనిషి చప్పట్లు కూడా కొట్టాడు. నేను గమ్‌బూట్లు ఈడ్చుకుంటూ గ్రేడింగు మిషను దగ్గరికి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం కంపెనీ బస్సులో అది రోజూలాగే నా పక్కకొచ్చింది. కూర్చోలేదు, నేను జరుగుతానని నిలబడింది. నేను కిటికీలోంచి కొబ్బరి చెట్లు చూస్తూ ఉండిపోయాను. ఊరు దగ్గరపడుతుండగా, తప్పు మాట్లాడేనా అక్కా అని అడిగింది. లేదు, సరిగ్గానే మాట్లాడావు, అదే నా ఏడుపు అన్నాను. ఆ తర్వాత జరిగి చోటిచ్చాను, దిగేలోపు.

ఇంటికి వెళ్ళేసరికి వార్త మాకంటే ముందే చేరింది. మధ్యలో నలిగిపోయినవాడు మా ఆయన. తమ్ముడి పెళ్ళానికి కుర్చీ వచ్చిందని సంతోషించాలో, సొంత పెళ్ళానికి రాలేదని విచారించాలో తెలియక నాలుగు రోజులు ఇంట్లో పిల్లిలా తిరిగాడు.

మొదటి నెలల్లో ప్యానెల్ మీద కూర్చుని కూడా అది బెదురుతూనే ఉండేది. ఎవరికైనా తప్పు చెప్పాలంటే బయటికొచ్చి, చెవి దగ్గర గొణిగి, మళ్ళీ లోపలికి పోయేది. మేడం వచ్చినప్పుడల్లా దానికి బుద్ధులు చెప్పేది, శిక్షణలకు పంపేది. అవేవీ పనిచేసినట్టు కనబడలేదు. దీని పని అయిపోయింది, ఎప్పటికైనా కుర్చీ నా దగ్గరికే వస్తుందని నేను లోలోపల లెక్కలు వేసుకుంటున్నాను. రోజూ యథాప్రకారం అందరి మీదా అరుస్తున్నాను. అది అద్దంలోంచి చూస్తోందని తెలుసు. ఎందుకు చూస్తోందో తట్టలేదు, అంతవరకు చూడటం నా పని కదా.

ఒకరోజు లైను నిండా పని ఉండగా అద్దాల తలుపు తెరుచుకుంది. అది తిన్నగా నడిచి వచ్చి నా మిషను ముందు నిలబడింది. గొంతు తగ్గించలేదు, అటూ ఇటూ చూడలేదు.

“అక్కా, మిషను ఆపు. సందు తప్పింది. చిన్నవి కలిసిపోతన్నాయి. ఇందాకట్నించీ కళ్ళెక్కడ పెట్టేవు?”

మిషను ఆపాను. చూస్తే సందు నిజంగానే తప్పింది. బల్ల దగ్గర ఒకామె పక్కామెతో, అచ్చం అక్కలాగే కడిగేసిందే అంది. అందరూ నవ్వారు. అది నవ్వలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, నేను సరిచేసేదాకా అక్కడే నిలబడింది. ఆ చెయ్యి పెట్టుకోవడం కూడా నాదే.

బుర్ర దానికి పుట్టుకతోనే ఉంది, నేనేం చేసినా నాకు రాదు. నాకంటూ ఉన్నది నోరొక్కటే. అది కూడా నా దగ్గరే, నేను అరుస్తుండగానే, అద్దం వెనక కూర్చుని నేర్చేసుకుంది.